ఆర్చి పక్కన వేసిన దారి

కరోనా రెండో విడత తగ్గిన మరుసటి ఏడాది వేసవి. విజయనగరంలో ఒక దర్జీ దుకాణం మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని నేను అక్షరాలు గీయడం నేర్పుతున్నాను. కింద కుట్టుమిషన్ల చప్పుడు, పైన పెన్సిళ్ల గీకుడు. సగం జీవితం దుకాణాలకు బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాక, ఫాంట్లు తయారుచేసేవాళ్లకు అక్షరాలు గీసిపెట్టాను. ఇప్పుడు ఆ రెండు పనులూ నేర్పుతున్నాను. ఫాంటు అంటే ఒకే పోలికతో గీసిన అక్షరాల కుటుంబం. మీ ఫోనులో కనిపించే తెలుగు అక్షరాలను ఎవరో ఒక మనిషి కూర్చుని గీశాడు. అవి ఆకాశం నుంచి ఊడిపడలేదు.

ఈ చివరి మాట కొందరికి నచ్చదు. అక్షరం దైవం ఇచ్చిందని వాళ్లకు చిన్నప్పుడే చెప్పేశారు. మన దగ్గర ఏ పనినైనా దేవుడి పేరున రాసేస్తే ఒక సౌకర్యం ఉంది. చేసిన మనిషికి మర్యాద ఇవ్వాల్సిన బాధ్యత తప్పిపోతుంది. అక్షరానికి పసుపు, కుంకుమ పెడతాం. అక్షరం గీసిన చేతిని మాత్రం వాకిట్లో నిలబెడతాం. నేను చెప్పబోయేది అలా నిలబెట్టిన ఒక చేతి గురించి.

నా దగ్గరకు వచ్చేవాళ్లు మొదటి రోజే కంప్యూటర్ అడుగుతారు. ఇవ్వను. కొన్ని నెలలపాటు పెన్సిలు, రబ్బరు, ట్రేసింగ్ పేపరు, అంతే. పాత క్యాలెండర్ల మీదా, పుస్తకాల అట్టల మీదా, రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీదా ఉన్న అక్షరాలను చూసి పెద్దవిగా గీయమంటాను. గీస్తే తప్ప ఒక అక్షరాల కుటుంబం గుణం పట్టుబడదు. కావాలంటే రెండు గీతల మధ్య ఒక చతురస్రాన్నీ ఒక సున్నానూ సరిగ్గా ఒకే ఎత్తులో గీసి చూడండి. స్కేలు రెండూ సమానమంటుంది. కన్ను మాత్రం సున్నా చిన్నదంటుంది. అందుకని గుండ్రని అక్షరాన్ని గీతకు పైనా కిందా వెంట్రుకవాసి బయటికి జరపాలి. దీన్ని మా పనిలో ఓవర్‌షూట్ అంటారు. తెలుగంతా గుండ్రమే కనుక తెలుగు గీసేవాళ్లకు ఇది రోజూ ఉండే తగాదా. అక్షరం లోపల చిక్కుకున్న తెల్లని చోటును కౌంటర్ అంటారు. కొత్తవాళ్లు నల్లని గీతనే చూస్తారు. చెయ్యి తిరిగే కొద్దీ ఆ తెల్లని చోటు మీద చూపు నిలుస్తుంది. వింటే ఇవన్నీ అర్థమైనట్టే ఉంటాయి. చెయ్యి తప్పు చేసి, చెరిపి, మళ్లీ గీసినప్పుడే నిజంగా అర్థమవుతాయి.

శాంత అలా నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి. ఊరు గరివిడి అవతల ఒక పల్లె. తండ్రి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాడు. డిగ్రీ అయ్యాక ఆమె ఒక ఫ్లెక్సీ దుకాణంలో కొన్నాళ్లు డిజైన్లు చేసింది. ఎందుకు మానేశావని అడిగాను.

"అక్కడ అచ్చరాలను రబ్బరులాగ సాగదీస్తన్నాను మాస్టారూ. నాయకుడి పేరు పొట్టిగుంటే లాగాలి, పొడుగ్గుంటే నొక్కాలి. అసలు అచ్చరం ఎలాగుండాలో తెలిస్తే కదా, ఎంత పాడు సేస్తన్నానో తెలుస్తాది" అంది.

ఆ ఒక్క మాటకే చేర్చుకున్నాను.

గోడ మీద రాయబోయే అక్షరాలను ముందు అసలు కొలతలో కాగితం మీద గీయాలి. గోధుమరంగు కాగితాలు అతికించి గది నిండా పరుస్తాం. మధ్యలో గీయాలంటే కాగితం తొక్కాలి. నా విద్యార్థులందరూ అక్కడే ఆగిపోతారు. శాంత కూడా ఆగింది.

"అడుగు పెట్టమ్మా" అన్నాను.

"అచ్చరాల మీదేటి మాస్టారూ?"

"మరి గాల్లో తేలి గీస్తావా?"

అడుగు పెట్టింది. వెంటనే వంగి కాగితాన్ని తాకి, వేళ్లు కళ్లకు అద్దుకుంది. ఇంకో అడుగు. మళ్లీ వంగింది. గీత గీయడం కంటే దండాలకే ఎక్కువసేపు పడుతోంది.

"ఇలాగైతే ఈ 'శ్రీ' పూర్తయ్యేసరికి నీ నడుము పోతుంది."

"అలవాటు మాస్టారూ. సిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిల్తే మా యమ్మ ఈపు మీద ఒక్కటిచ్చీది."

నేను వాదించాను. కాలు తగిలితే అక్షరానికి నొప్పి పుట్టదనీ, వంపు తప్పితేనే దానికి అవమానమనీ చెప్పాను. ఆమె తలూపి, మళ్లీ వంగి కాగితానికి దండం పెట్టింది. తర్వాత కొన్ని వారాలకు ఒక సాయంత్రం చూస్తే, శాంత చెప్పులు లేని కాళ్లతో అక్షరాల మీద అటూ ఇటూ నడుస్తోంది. ఒక వంపు ఎంతకీ లొంగక దాన్ని తిడుతోంది. తాను తొక్కుతున్న సంగతే ఆమెకు గుర్తులేదు. నేను పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను. కొన్ని సంకెళ్లు మనం చూస్తున్నామని తెలిస్తే మళ్లీ బిగుసుకుంటాయి.

ఆ వేసవిలోనే ఆమె ఊళ్లో ఆర్చి కట్టారు. ఊరి మొగలో రోడ్డుకు అడ్డంగా రెండు స్తంభాలు, పైన అడ్డపలక, దాని నెత్తిన గ్రామదేవత బొమ్మ. ఆ ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఆ రోగం ఆ ఊరికే ఉందని పక్క ఊళ్లవాళ్లు నవ్వుకుంటారు. నవ్వే అర్హత వాళ్లకూ లేదు. ఆ సంగతి చివర చెబుతాను.

ఆర్చి కమిటీకి పెద్ద అప్పలనాయుడు. శాంతకు వరసకు మేనమామ. ఊళ్లోనే ఆర్టిస్టు ఉండగా బయటివాళ్లెందుకని ఆయనే ఆమెకు పని చెప్పాడు. "శ్రీ ముత్యాలమ్మ తల్లి స్వాగత ద్వారం" అని రాయాలి. శాంత వెళ్లి పలక కొలతలు తీసుకొచ్చింది. ఏ ఫాంటునూ ముట్టుకోలేదు. అడుగున బరువుగా, పైకి వెళ్లే కొద్దీ తేలికగా, నీళ్లకుండల వరుసలాగా సొంతంగా అక్షరాలు గీసింది. తలకట్లు ఒక్కొక్కటి కొడవలి మొనలా ఉన్నాయి. చెరిపిన కాగితాలు మూలన గుట్టయ్యాయి.

ఆ పని ఆమెకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. బోర్డు రాసేవాళ్లకు ప్రకటనలు ఉండవు. పరంజా మీద నిలబడి రాస్తుంటే దారిన పోయేవాళ్లు తలెత్తి చూస్తారు, ఎవరు రాస్తున్నారని అడుగుతారు. అదే మా విజిటింగ్ కార్డు. నాకు జీవితంలో వచ్చిన పనులన్నీ అలా వచ్చినవే. శాంతకు ఆ లెక్క బాగా తెలుసు.

"నన్ను ఆర్చి మీద సూస్తే సాలు మాస్టారూ. బొబ్బిలి బస్సు, చీపురుపల్లి ఆటోలు అన్నీ ఆ రోడ్డు మీదే ఎల్తాయి. ఒక్క ఆర్చి మీద నన్ను సూస్తే, సుట్టుపక్కల ఊళ్లు పిలుస్తాయి. లేదంటే మళ్లీ ఆ ఫ్లెక్సీ షాపే గతి" అంది.

పని మొదలుపెట్టే రోజు నేనూ వెళ్లాను. పరంజా కట్టి ఉంది. ఎనామిల్ డబ్బాలు, సుద్ద, నూలుదారం అన్నీ సిద్ధం. శాంత చున్నీ నడుముకు బిగించి నిచ్చెన మీద కాలు పెట్టింది.

"ఒసే శాంతా, నువ్వెక్కడికే?" అన్నాడు అప్పలనాయుడు.

"పైకి మావా. రాయొద్దేటి?"

"నువ్వు కాయితం మీద గీసినావు కదా, సాల్లే. ఎక్కడానికి సింహాచలాన్ని పిలిసినాం."

సింహాచలం చుట్టుపక్కల ఇళ్లకు రంగులేసే మనిషి. ఆయన అక్కడే నిలబడి, ఎవరి వైపూ చూడకుండా బ్రష్షును గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"నా అచ్చరాలు ఆయనెందుకు రాస్తాడు మావా?"

"సూడమ్మా. ఇది ఊరి దారి. తెల్లారితే మగోళ్లు దీని కింద నుండే ఎల్లాలి, దీని కింద నుండే రావాలి. నువ్వు పైన నిలబడితే నీ కాళ్ల కింద నడిసినట్టవుతాది. ఆడదాని కాళ్ల కింద నడిస్తే ఆయుస్సు తగ్గుతాది. పెద్దోళ్లు ఒప్పుకోరు."

నేను బతుకులో చాలా మూర్ఖత్వం విన్నాను. గ్రహణం రోజు రంగు ఆరదన్నవాణ్ణి చూశాను. బోర్డు మీద అక్షరాల సంఖ్య మారిస్తే వ్యాపారం పెరుగుతుందని చెప్పి డబ్బు గుంజే జ్యోతిష్కుల చేతుల్లో నా సొంత పనులు పాడైపోవడం చూశాను. ఇది మాత్రం కొత్తగా ఉంది.

"అప్పలనాయుడు గారూ, ఇంతవరకు ఎవరి ఆయుస్సు ఎంత తగ్గింది?" అని అడిగాను.

"అలాటివాటికి లెక్కలుండవు మాస్టారూ. నమ్మకం."

"ఆర్చి నెత్తిన ఉన్న బొమ్మ ఎవరిది?"

"అమ్మోరిది."

"ఆడదే కదా. రోజూ ఆమె కాళ్ల కింద నడుస్తారు కదా."

"అమ్మోరు ఏరు, ఆడది ఏరు."

"ఎలా వేరు?"

ఆయన చెయ్యి పైకెత్తి బొమ్మను చూపించాడు. "అమ్మోరి కాళ్లు కనపడవు మాస్టారూ. సీర కుచ్చెళ్లు కప్పినట్టు కూకోబెట్టి సేయించినాం."

అక్కడ ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే కోపం చల్లారుతుంది. ఆ రోజు దాన్ని చల్లారనివ్వదలచుకోలేదు.

"ఈ ఆర్చికి స్లాబు వేసిన రోజు సిమెంటు తట్టలు నెత్తిన పెట్టుకుని ఇదే పరంజా ఎక్కింది ఎవరు?"

"కూలోళ్లు."

"ఆడవాళ్లేనా?"

"ఆడ కూలోళ్లే. అది కూలి పని కదా మాస్టారూ."

ఆ జవాబును నేను చాలా రోజులు నమిలాను. సిమెంటు తట్ట మోస్తూ ఎక్కిన ఆడదాని కాళ్ల కింద నడిస్తే ఎవరికీ ఏమీ కాదు. బ్రష్షు పట్టుకుని ఎక్కిన ఆడదాని కాళ్ల కింద నడిస్తే ప్రాణానికే ముప్పు. అంటే భయం కాళ్లను చూసి కాదు. ఆమె చేతిలో ఉన్న వస్తువును చూసి. బరువు మోస్తే ఆమె మనకు కనిపించదు. అక్షరం రాస్తే అందరూ తలెత్తి చూడాలి. మగవాళ్ల మెడలకు ఆ కోణం అలవాటు లేదు. ఆ మాట ఒప్పుకోలేక దానికి ఆయుస్సు అని పేరు పెట్టారు. మన ఆచారాల్లో చాలావాటి అట్ట విప్పితే లోపల ఉండేది ఇంతే.

శాంత నిచ్చెన మీద నుంచి కాలు తీసేసి, చుట్ట చుట్టిన కాగితాలను సింహాచలం చేతిలో పెట్టింది. ఏ గీత ఎక్కడ మొదలవ్వాలో చెప్పింది. తిరుగుదారిలో బస్సులో నేను ఊరుకోలేదు.

"ఎందుకిచ్చావు?"

"అరిసి ఏటి సేస్తాను మాస్టారూ? నిచ్చెన వాళ్లది, ఆర్చి వాళ్లది. అచ్చరాలొక్కటే నావి. అవైనా ఎక్కనీండి."

కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గరివిడి పొగగొట్టాలు వెనక్కి పోయేదాకా అటే చూసింది.

తర్వాత జరిగింది మా పని తెలిసినవాళ్లకు ఆశ్చర్యం కలిగించదు. సింహాచలం నమ్మకంగానే చేశాడు. కాగితం మీద గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, పలక మీద పెట్టి, బొగ్గుపొడి మూటతో అద్దాడు. కాగితం తీసేస్తే చుక్కలు చుక్కలుగా అక్షరాల అంచులు పడతాయి. వాటి లోపల రంగు నింపాడు. ఎక్కడా తప్పు లేదు. అయితే శాంత ఆ కాగితాలిచ్చి వెళ్లిన తర్వాత కమిటీవాళ్లు అందం కోసమని పలక అడుగున సిమెంటుతో తామరపూల బోర్డరు పెట్టించారు. జానెడు ముందుకు పొడుచుకొచ్చే బోర్డరు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

తెలుగు అక్షరానికి కింద కూడా శరీరం ఉంటుంది. ఒత్తులన్నీ గీత కింద వేలాడతాయి. శ్రీలో ఒకటి, ముత్యాలమ్మలో రెండు, తల్లిలో ఒకటి, స్వాగతంలో ఒకటి, ద్వారంలో ఒకటి. పరంజా మీద నిలబడి చూస్తే అన్నీ ఉన్నాయి. రోడ్డు మీద నిలబడి తలెత్తితే ఒత్తులన్నీ ఆ పూల వెనక్కి పోయాయి. అక్షరాలు నడుముల్లోతు వరదలో నిలబడి కేకలేస్తున్నట్టు ఉంది.

నింద ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా? అప్పలనాయుడు ఫోన్ చేసి శాంతను పిలిపించాడు. నేనూ వెంట వెళ్లాను. ఆర్చి దగ్గర సగం ఊరు ఉంది.

"నీ లెక్క తప్పిందమ్మా. పోనీలే, సిన్నగుంటవి. ఇంకో కాయితం మీద గీసిచ్చెయ్యి. సింహాచలం మార్సేస్తాడు" అన్నాడాయన, క్షమించినట్టు.

"ఆ పూలెప్పుడు పెట్టించినారు మావా?"

"అందానికి పెట్టించినాంలే. ఇప్పుడదెందుకు?"

"కాయితం మీద కుదరదు. పైన సుద్దతో గియ్యాలి. దిగొచ్చి, రోడ్డు మీద నిలబడి సూడాలి. మళ్లీ ఎక్కి దిద్దాలి. కుదిరీదాకా ఎక్కడం, దిగడం. ఆ కన్నూ ఆ సెయ్యీ ఒక్కరివే అవ్వాలి."

ప్రారంభానికి నాయకులను పిలిచేశారు. కరపత్రాలు పంచేశారు. కమిటీవాళ్లు పక్కకు వెళ్లి గుసగుసలాడుకుని వచ్చారు. అప్పలనాయుడు మొహం నిండా ఔదార్యం.

"సరే. నువ్వే ఎక్కు. ఏకువ జామున ఎక్కు. మగోళ్లు లేవకముందే పని సేసుకో. తెల్లారీసరికి దిగిపో. ఎవులికీ ఇబ్బంది ఉండదు."

తిట్టడానికి నేను ముందుకు అడుగేశాను. అంతలో శాంత అంది:

"మావా, మసక సీకట్లో రోడ్డు మీద నుండి నాకేటి కనపడతాది? కనపడినా నానలాగెక్కను. దొంగలాగెక్కి దొంగలాగ దిగిపోతే, రేపు ఈ ఆర్చి ఎవులు రాసినారంటే ఏటి సెప్తారు? సింహాచలం బావ రాసినాడంటారు. పగలే ఎక్కుతాను. నా కాళ్ల కింద నడవడం మీకు కష్టమైతే పక్క నుండి ఎల్లండి."

"పక్క నుండేటే? అది బురద కాలవ."

"అయితే సెప్పులు సేత్తో పట్టుకోండి."

మర్నాడు ఎండ ఎక్కాక ఆమె పరంజా ఎక్కింది. ఎవరూ ఆపలేదు. ఆపితే ప్రారంభం ఆగిపోతుంది. ఆ తర్వాత నేను చూసిన దృశ్యం లాంటిది నా వృత్తి జీవితంలో మరొకటి లేదు. రోడ్డు నడిమధ్యన ఆర్చి. దాని కింద నుంచి ఉపాధిహామీ పనికి వెళ్లే ఆడవాళ్లు గునపాలతో వెళ్తున్నారు, బడిపిల్లలు సైకిళ్ల మీద వెళ్తున్నారు, మేకలు వెళ్తున్నాయి. మగవాళ్లు మాత్రం రోడ్డు దిగి, పంచెలు, ప్యాంట్లు పైకి మడిచి, కాలవ బురదలో పడి అవతల గట్టెక్కుతున్నారు. ఒకాయన ఆటో దిగి, ఆటోను ఆర్చి కింద నుంచి పంపించి, తాను బురద దాటి వెళ్లి మళ్లీ అదే ఆటో ఎక్కాడు. శాంత దిద్దుకోవడానికి కిందికి దిగినప్పుడల్లా, కాచుకుని ఉన్నవాళ్లు గబగబా ఆర్చి దాటేసేవారు. రైల్వే గేటు తీసినట్టే.

ఆర్చి స్తంభానికి ఆనుకుని ఎర్నమ్మ అనే ముసలామె కూర్చుంది. ఆ ఊళ్లో మంత్రసాని పని చేసిన మనిషి. సరిగ్గా శాంత కాళ్ల కిందే చోటు చూసుకుని కూర్చుని, నోట్లో చుట్ట పెట్టుకుని, బురదలో దిగుతున్న ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పలకరిస్తోంది.

"ఒరే అప్పన్నా, జారతావు, సూసుకో."

"పోవే ముసిల్దానా."

"పోతానులే గానీ ఒక్కటి సెప్పు. ఆడదాని కాళ్ల సందున ఎల్తే ఆయుస్సు తగ్గుతాదంటన్నావు కదా. నువ్వు పుట్టినప్పుడు ఏ పక్కదారిన వచ్చినావురా? నాను సేతులారా పట్టుకున్నాను. నాకు తెలీదేటి?"

అప్పన్న అనే ఆ రైతు కంగారులో చెప్పు ఒకటి బురదలో వదిలేశాడు. పైనుంచి శాంత నవ్వు వినిపించింది. నేను కూడా నవ్వేశాను. మూఢనమ్మకాల మీద ఊళ్లూళ్లూ తిరిగి నేను చేసిన ఉపన్యాసాలన్నీ ఒక పక్కన పెట్టినా ఎర్నమ్మ మాటకు సరితూగవు.

శాంత చేసిన దిద్దుబాటు ఇది. అక్షరాల వరుసనంతా పైకి జరిపింది. వాటి ఒళ్లు కొంచెం పొట్టిచేసి, ఆ మేర అడ్డంగా పెంచింది. ఒత్తులను నేరుగా కిందికి వదలకుండా కుడివైపు భుజం పక్కకు తెచ్చి, చిన్నవైనా లావు గీతలతో గీసింది. అడుగు వంపుల ఓవర్‌షూట్ పుస్తకాలు ఒప్పుకునే దానికంటే బాగా ఎక్కువ ఇచ్చింది. దగ్గరికి వెళ్లి చూస్తే అక్షరాలు వంకరగా, పొట్టలు పెంచుకున్నట్టు ఉంటాయి. రోడ్డు మీద నిలబడితే నిటారుగా, నిండుగా, ఒక్క ఒత్తు కూడా దాక్కోకుండా కనిపిస్తాయి. ఈ తేడా ఎంత ఉండాలో ఏ స్కేలూ చెప్పదు. ఎక్కి, దిగి, ఎదురెండలో కళ్లు చికిలించి చూసి, మళ్లీ ఎక్కి తెలుసుకోవాల్సిందే. చేత్తో గీసి నేర్చుకోవడమంటే ఇదని నేను క్లాసులో వందసార్లు చెప్పి ఉంటాను. దాన్ని అంత ఎత్తున నాకు చూపించింది ఆమె.

ప్రారంభం రోజు అప్పలనాయుడు మైకులో కృతజ్ఞతలు చెప్పాడు. నాయకులకు, దాతలకు, తాపీమేస్త్రికి, షామియానా వేసినవాళ్లకు, రంగులు వేసిన సింహాచలానికి. అక్కడితో ఆపేశాడు. శాంత ఆర్చికి ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన, తాను దిద్దుకున్న చోటే నిలబడి ఉంది. సింహాచలం లేచి ఏదో చెప్పబోయాడు. మైకు అప్పటికే పాటల కుర్రాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయింది. నా పక్కనున్న మనిషి "అచ్చరాలు ముత్యాల్లాగున్నాయి" అన్నాడు. ఎవరు రాశారో తెలుసా అని అడిగాను. "తెలీకేటి, నాయుడి మేనకోడలు గుంటే కదా" అన్నాడు. ఊరందరికీ తెలుసు. పలకడానికే నోరు రాదు. తెలియనివాడి మీద నాకు కోపం రాదు. తెలిసి నోరు మూసుకునేవాడి మీద వస్తుంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మా మేడ మీదికి ఒకాయన వచ్చాడు. అటువైపే మరో ఊరి ఆర్చి కమిటీ మనిషి.

"బస్సులో ఎల్తా సూసినాను మాస్టారూ. ఆర్చి మీద ఒకమ్మాయి రాస్తన్నాది. ఆ అమ్మాయే కావాలి మాకు. ఇంకెవులూ వద్దు."

నాకు ప్రాణం లేచివచ్చింది. శాంత అనుకున్నదే అనుకున్నట్టు జరిగింది. చూశారు, పిలుస్తున్నారు. ఆమె అవతలి గదిలో కాగితం మీద వంగి గీస్తోంది. కేకేయబోయాను.

"ఇబ్బందేటీ ఉండదు మాస్టారూ" అన్నాడాయన, నన్ను ఊరడిస్తున్నట్టు. "ఆ ఊళ్లోలాగ బురదలో దిగే పని లేదు. ముందే ఆర్చి పక్కన గ్రావెల్ పోసి దారి ఏయించేసినాం. మగోళ్లు అటెల్తారు. ఆ అమ్మాయి ఎన్నాళ్లైనా రాసుకోవొచ్చు."

ఆ ఊరి రోడ్డు నాకు తెలుసు. బడి ముందు గుంతలో ఏడాదిలో సగం రోజులు నీళ్లు నిలిచి ఉంటాయి. దాన్ని పూడ్చడానికి ఒక్క తట్ట మట్టి దొరకలేదు ఆ పెద్దమనుషులకు. ఒక మూఢనమ్మకం కాలికి బురద అంటకుండా నడవడానికి మాత్రం లారీలతో గ్రావెల్ దొరికింది. పైగా అదేదో ఉపకారమన్నట్టు చెబుతున్నాడు.

"ఆమె రాదు. వెళ్లండి" అన్నాను.

"మాస్టారూ." శాంత గుమ్మంలో నిలబడి ఉంది. చేతికి బొగ్గు, పాదాలకు బొగ్గు. "నా మాట నన్ను సెప్పనీండి. వస్తాను బాబూ. కొలతలకు ఎల్లుండొస్తాను. ఈలోపు పూలూ గీలూ ఏటీ పెట్టించకండి."

ఆయన వెళ్లిపోయాక నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. "ఆ దారిని చూస్తూ ఎలా ఎక్కుతావు?"

"ఎక్కుతాను మాస్టారూ. దాని మీద గడ్డి మొలిసీదాకా ఎక్కుతాను."

ఎక్కింది. ఆ ఊళ్లో, తర్వాత మరికొన్ని ఊళ్లలో. కొన్నిచోట్ల పక్కదారి వేశారు, కొన్నిచోట్ల వేయలేదు. ఆమెకు ఇప్పుడు సొంత దుకాణం ఉంది. ఫ్లెక్సీలు చేయదు. నా తరగతిలో ఇప్పుడు మొదటి రోజు ఎవరికీ పెన్సిలు ఇవ్వను. గోడకు నిచ్చెన వేసి, పైన సుద్దతో ఒక సున్నా గీసి, దిగి చూడమంటాను. ముందు ఆడపిల్లలను ఎక్కిస్తాను. మగపిల్లలు కిందే నిలబడి నిచ్చెన పట్టుకోవాలి.

ఈ మధ్య ఆ రెండో ఊరి మీదుగా పోతూ బస్సు దిగాను. పరంజా విప్పేసి చాలాకాలమైంది. శాంత రాసిన అక్షరాలు ఎండకు కొంచెం వెలిసిపోయాయి గానీ రూపం చెడలేదు. పక్కన గ్రావెల్ దారి అలాగే ఉంది. అంచుల్లో గడ్డి మొలిచింది. మధ్యలో మాత్రం నడిచి నడిచి నున్నగా ఉంది. నేను చూస్తుండగానే సంచి పట్టుకున్న ఒకాయన ఆర్చి దాకా వచ్చి, రోడ్డు దిగి, ఆ దారిన వెళ్లి, అవతల మళ్లీ రోడ్డెక్కాడు. ఆపి అడిగాను.

"పైన ఎవరూ లేరు కదండీ. ఇటెందుకు వెళ్తున్నారు?"

ఆయన పైకి చూశాడు. ఖాళీ పలక, అక్షరాలు, బొమ్మ. కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"మా ఊళ్లో మగోళ్లం ఇటే ఎల్తామండి" అన్నాడు.

ఆ గ్రావెల్ ఏ ఏడాది పోశారో, ఎందుకు పోశారో, ఎవరు పోయించారో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఆయన కొడుక్కి తెలియదు. మనవడి కాలానికి అది పూర్వీకుల ఆచారమవుతుంది. అప్పుడు దానికో కథ పుడుతుంది, ఆ కథకో దేవత దొరుకుతుంది. అందుకే దీన్ని రాసిపెడుతున్నాను. ఆ దారిని మనిషే వేశాడు. ఆకాశం నుంచి ఊడిపడలేదు.